బ్యూఫైటర్ రెక్కలో మూడు గుంటలు

వంటగది అలమరాలన్నీ ఊడదీయించి కొత్తవి పెట్టించాలని మా అమ్మాయి సునీత నిశ్చయించుకోవడంతో, సిడ్నీ శివారు కెల్లీవిల్‌లోని మా ఇల్లు కొన్నాళ్లుగా అట్టపెట్టెలతో నిండిపోయింది. నేనున్న ఇంట్లో ఏ వస్తువు ఎక్కడికి పోతోందో నాకు తెలియాలి. అందుకని గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. యూనివర్సిటీకి సెలవులు కావడంతో మనవరాలు నిత్య కింది అరల్లోంచి ఒక్కొక్కటే తీసి, ఉంచాల్సినవి పెట్టెలోనూ, దానమిచ్చేసేవి ఆప్ షాప్ సంచిలోనూ వేస్తోంది. అట్టడుగు అరలో అన్నిటికన్నా వెనకనుంచి నల్లబడిన రేకు ప్లేటొకటి తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. దానికి మూడు గుంటలు. ఏ రెండు గుంటల లోతూ ఒకటి కాదు. కావాలంటే కొలుచుకోవచ్చు, నేను కొలిచాను. ఒక పక్క అంచు వంకరగా, ఏదో కోసి తీసేసినట్టు ఉంటుంది. ఇంకో అంచు పొడవునా గీత గీసినట్టు వరసగా చిల్లులు.

"అమ్మమ్మా, దిస్ ఈజ్ సో డాడ్జీ. ఆప్ షాప్ బ్యాగ్‌లో వేసేయనా?" అంది నిత్య.

"అక్కడ పెట్టు. అది బ్యూఫైటర్."

"వాట్ ఫైటర్?"

"యుద్ధ విమానం. దాని రెక్క మీది రేకు. అందులో ఇడ్లీ వేసుకునేవాళ్లం."

అమ్మమ్మకి బాగానే ఉందా అన్నట్టు నిత్య తల్లి వైపు చూసింది. సునీత పెట్టెకి టేపు అంటిస్తూ తల కూడా ఎత్తకుండా, "నిజమేనే, చిన్నప్పుడు నేను తిన్నవి వాటిలోవే. ఇప్పుడు అడక్కు, మొదలుపెడితే వంట ఉండదు" అంది. వంట ఎలాగూ లేదు, పొయ్యి పీకేశారు కనక. కాబట్టి చెప్పాను. నోటితో చెప్పినప్పుడు ముందూ వెనకా అయ్యాయి. ఇక్కడ వరసలో రాస్తున్నాను.

భీమవరంలో మా నాన్నగారు మిషన్ హైస్కూలు హెడ్మాస్టరు. స్టాటిస్టిక్స్‌లో పై చదువుకి సిడ్నీలో నాకు స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు, చుట్టాలంతా వద్దన్నా ఆయన పంపించారు, ఒక్క షరతు మీద. మొదటి ఏడాది చివర ఆ దేశం నాకు పడలేదనిపిస్తే ఓడెక్కి వచ్చేయాలి. ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు, ఆయన కూడా ఒక్క ప్రశ్న అడగరు. ఆయన దాన్ని ప్రేమతోనే పెట్టారు. కానీ వచ్చిన కొద్ది నెలలకే నేను ఆ షరతును పట్టుకుని బతకడం మొదలుపెట్టాను. చదువు కష్టంగా లేదు. లెక్క ఏ దేశంలో చేసినా లెక్కే. కష్టమంతా లెక్కలు లేని గంటలది. రాత్రి భోజనంలో ఉడికించిన బంగాళదుంపలు, ఉడికించిన క్యారెట్లు, ఉప్పు తప్ప ఇంకేమీ తెలియని గొర్రె మాంసం. మేము మాంసం తినేవాళ్లమే, ఆదివారం ఆరాధన నుంచి వచ్చేసరికి మా అమ్మ వండిన కూర వాసన వీధి మొదట్లోనే ఎదురొచ్చేది. ఇక్కడి మాంసానికి గొర్రె కొవ్వు వాసన ఒకటే. నా జాకెట్లన్నీ కుట్టు వేసి బిగించుకోవాల్సి వచ్చింది.

నాకు దొరికిన బస సిడ్నీలోనే మాస్కట్ అనే పేటలో, విమానాశ్రయానికి దగ్గర్లో ఒక ఎర్ర ఇటుకల ఇల్లు. విమానం దిగిన ప్రతిసారీ అలమరాలో కప్పులు గలగలమనేవి. ఇంటావిడ డోరీన్ ఆంటీ, ఆవిడ భర్త ఆల్ఫ్ అంకుల్, పిల్లల్లేరు. ఆంటీ అనమని ఆవిడే చెప్పింది. సుగుణ అనే నా పేరు ఆవిడ నోట్లో సగం దూరం వచ్చి ఆగిపోయి 'సూ' అయింది. ఆవిడ సన్నగా, పొట్టిగా, చేతులు మాత్రం మగవాళ్ల చేతుల్లా ఉండేవి. ఆల్ఫ్ అంకుల్ బస్సుల డిపోలో ఫిట్టరు. శనివారం మధ్యాహ్నం రేడియోలో గుర్రప్పందాలు వస్తున్నంతసేపూ ఇల్లు తగలబడుతున్నా కుర్చీలోంచి లేవడని ఆంటీ అనేది. ఆ ఇంట్లో ప్రతి పనికీ ఒక రోజు ఉండేది. సోమవారం బట్టలు ఉతకడం. పెరటి వైపు చాకిరేవు గదిలో గోడలోకి కట్టిన పెద్ద రాగి కాగు ఉండేది; దాన్ని కాపర్ అనేవాళ్లు. పొద్దున్నే దాని కింద మంట వేసి దుప్పట్లు ఉడకబెట్టేది. మర్నాటి దాకా ఆ గది వెచ్చగా, సబ్బు వాసనతో ఉండేది. ఫ్రిజ్ విషయంలో కూడా ఆవిడకొక నియమం ఉండేది. బయటికి తీసిన వస్తువును వెంటనే వాడాలి. బల్ల మీద మర్చిపోయి కబుర్లు చెప్పుకుంటే ఊరుకునేది కాదు. పాలకి, వెన్నకి సరే. గుడ్లకి, ఆవాలపొడి డబ్బాకి కూడా ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

నా గదిని స్లీపౌట్ అనేవాళ్లు. వెనక వరండాకి పలచటి రేకులు కొట్టి గదిగా మార్చారు. ఆ రేకు గోడకి అవతల వంటగది. ప్రతిరోజూ తెల్లవారగానే ఆ గోడ మీద ఒక్క దెబ్బ వినిపించేది, టక్‌మని. గోడ కొట్టారంటే పిలిచారని అర్థం కదా. నేను గబగబా చీర సర్దుకుని వంటగదిలోకి వెళ్లి నిలబడేదాన్ని. ఆవిడ నా వైపు విచిత్రంగా చూసి, ఏమైనా కావాలా అని అడిగేది. నేను ఏమీ వద్దనేదాన్ని. ఇలా కొన్నాళ్లు జరిగాక, ఆ దెబ్బకి అర్థం లేదనీ, ఆవిడకదొక అలవాటనీ నిర్ణయించుకుని పక్కలోనే పడుకుని ఉండిపోయేదాన్ని. దెబ్బ మాత్రం ఒక్కరోజూ ఆగలేదు.

చలికాలం ముగిసేసరికి నేను తిరిగి వెళ్లిపోవడానికి నిశ్చయించుకున్నాను. ట్రంకు పెట్టెలో సగం సర్ది, ఒకనాటి రాత్రి భోజనం దగ్గర ఇద్దరికీ చెప్పాను, డిసెంబరులో బయల్దేరే ఓడలో బెర్తుకి రాయబోతున్నానని. ఆల్ఫ్ అంకుల్ ఫోర్కు కింద పెట్టారు. ఆంటీ మాత్రం సరేనని, దుంపల గిన్నె నా వైపు జరిపింది. రెండు రోజులు ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మూడో రోజున ఆల్ఫ్ అంకుల్, తనకేదో చిన్న సందేహం వచ్చినట్టు ముఖం పెట్టి, మీ ఇంట్లో పొద్దున్నే ఏం తింటారని అడిగారు. పంపింది ఎవరో నాకు తెలుస్తూనే ఉంది. ఇడ్లీ అంటే ఏమిటో మాటల్లో చెప్పడం చేతకాక కాగితం మీద బొమ్మ వేశాను. గుంట వెడల్పు, లోతు, గుంటకీ గుంటకీ మధ్య దూరం, అన్నీ అంగుళాల్లో. ఆయన ఫిట్టరు కదా, కొలతలు చూడగానే కళ్లు మెరిశాయి. ఇనప రేకయితే ఆవిరికి తుప్పు పడుతుంది, దీనికి అల్యూమినియం కావాలన్నారు. అని, నోరు జారినట్టు, ఆంటీ వైపు చూశారు.

ఆ ఇంట్లో అల్యూమినియం రేకు ఒక్కటే ఉండేది. షెడ్డులో గోడకి ఆనించి, పాత దుప్పటి కప్పి ఉండేది. లోపలి వైపు పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ రంగు, అంచున చిల్లులు. దాన్ని టమాటా మొక్కలకి గాలి తగలకుండా అడ్డం పెడతానని ఒకసారి, వాన నీళ్ల కాలవకి వాడతానని ఇంకోసారి ఆల్ఫ్ అంకుల్ అడగడం, ఆవిడ దాని మీద చెయ్యి వేయకు అనడం నేనే విన్నాను.  ఆ రోజు మాత్రం ఆంటీ నా బొమ్మను దగ్గరికి లాక్కుని చూసింది. తర్వాత వేలి కణుపుతో బల్ల మీద ఒక్కసారి కొట్టింది, టక్‌మని. ఆల్ఫ్ అంకుల్ లేచి షెడ్డుకి వెళ్లిపోయారు.

ఆ దెబ్బకి అర్థమేమిటని అప్పుడు అడిగాను. నెలల తరబడి అడగాల్సిన ప్రశ్న. యుద్ధకాలంలో ఆవిడ ఆ ఇంటినుంచి నడిచివెళ్లే దూరంలో ఉన్న కర్మాగారంలో బ్యూఫైటర్ విమానాలకి రివెట్లు కొట్టేదట. రెండు ఇంజన్ల విమానం, ముక్కు పొట్టి, ఇంజన్లు ముక్కు కన్నా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. ముందు పైలట్, వెనక గాజు బుడగ కింద ఇంకొకడు, అంతే, ఇద్దరే మనుషులు. ఎదురుగా వస్తుంటే చప్పుడు తెలిసేది కాదనీ, తెలిసేసరికి నెత్తి మీద ఉండేదనీ చెప్పుకునేవాళ్లట. అది నిజమో కాదో తనకి తెలియదు, తన ఎదురుగా ఎప్పుడూ రాలేదు కదా అంది ఆంటీ. ఇక్కడ తయారైనవాటికి ముక్కు మీద ఒక ఉబ్బు ఉండేది, లోపల ఏదో యంత్రం పెట్టడానికని. ఆ యంత్రం పెట్టనే లేదు, ఉబ్బు మాత్రం ఆఖరిదాకా కొడుతూనే ఉన్నామని ఆవిడ ఇరవై ఏళ్ల తర్వాత కూడా విసుక్కుంది. నాకు ఆవిడ మీద గౌరవం కలిగిన క్షణం అదే అనుకుంటాను.

రివెట్టు కొట్టాలంటే ఇద్దరుండాలి. రేకుకి బయట గాలి సుత్తితో ఒకరు, లోపలి వైపు ఇనప దిమ్మ అదిమి పట్టుకుని ఒకరు. ఆంటీ బయట. రెక్క లోపల ఇరుకులో దూరి దిమ్మ పట్టేది నెల్ అనే అమ్మాయి. ఆవిడ ఉండేది కూడా ఈ ఇంట్లోనే, నా స్లీపౌట్‌లోనే. ఆ హోరులో ఒకరి మాట ఒకరికి వినబడదు, ఒకరికొకరు కనబడరు. రివెట్టు ఎలా పడిందో లోపలివాళ్లకే తెలుస్తుంది. అందుకని రేకు మీద కొట్టి చెప్పేవాళ్లు. ఒక దెబ్బ: బాగుంది, తర్వాతది కొట్టు. రెండు: ఇంకొంచెం కొట్టు. మూడు: చెడిపోయింది, తీసేయాలి. కర్మాగారంలో అందరి భాషా అదే. ఈ ఇద్దరూ దాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. ఇరుకులో ఎక్కువసేపు ఉంటే ఊపిరి ఆడేది కాదు కనక ఆంటీ మధ్యమధ్య ఒక దెబ్బ కొట్టి ఆగేది, బాగానే ఉన్నావా అని. నెల్ లోపలినుంచి ఒకటి కొట్టేది. తర్వాత ఇంట్లో పొద్దున్నే గోడ మీద అదే పలకరింపు. యుద్ధం అయిపోయిన వారమే ఆడవాళ్లందర్నీ ఇక చాలు, ఇళ్లకి వెళ్లమన్నారు. నెల్ పెళ్లి చేసుకుని డార్విన్ వెళ్లిపోయింది. విమానాల్ని ముక్కలు చేసి కరిగించారు. మూడు దెబ్బల రేకొకటి, అంచున రివెట్లు చెడి పక్కన పడేసింది, మేస్త్రీని అడిగి ఇంటికి తెచ్చుకుంది ఆంటీ. ఇద్దరూ కలిసి చేసినదానిలో మిగిలింది అదొక్కటే.

ఇదంతా ఆవిడ దుంపల తొక్కు తీస్తూ, బజారు కబురు చెప్పినట్టు చెప్పింది. నేను అలాంటి రేకును నా ఇడ్లీ కోసం కోయడం ఇష్టం లేదన్నాను. ఆవిడ నా వైపు తిరగలేదు. "ఇరవై ఏళ్లు దుప్పటి కింద పడుకుంది, సూ. ఇంక ఏదో ఒక పని చెయ్యనీ" అంది.

శనివారం ఆర్వో పని మొదలైంది. ఆర్వో అంటే మధ్యాహ్నం. అక్కడ మాటల్ని సగానికి విరిచి వాడుకుంటారు. ఆల్ఫ్ అంకుల్ రంగు గోకి, నా బొమ్మ ప్రకారం నాలుగు గుంటలకి సరిపడా ముక్క కోశారు. ఆ లోహం గట్టిది, ఊరికే కొడితే పగులుతుంది. ముందు దాని మీద బట్టల సబ్బు రుద్ది, కింద బ్లోల్యాంపు మంట పెట్టారు. సబ్బు నల్లబడగానే వేడి చాలినట్టు. చటుక్కున నీళ్లలో ముంచితే రేకు మెత్తబడుతుంది, కానీ కాసేపే. ఆ తర్వాత దానంతట అదే మళ్లీ గట్టిపడుతూ పోతుంది. కర్మాగారంలో రివెట్లది కూడా అదే గుణమట. మెత్తగా ఉండడం కోసం వాటిని మంచుపెట్టెలో ఉంచి, కావాల్సినన్ని మాత్రం తీసుకుని వెంటనే కొట్టేసేవాళ్లు. గుడ్లూ ఆవాలపొడీ బల్ల మీద ఎందుకు ఉండకూడదో నాకు అప్పుడు తెలిసింది.

గుంట తొలిచిన కొయ్య మొద్దు మీద రేకు పెట్టి ఆంటీ చెక్క సుత్తితో కొట్టింది. నేను కిందనుంచి మొద్దు అదిమి పట్టుకుని, గుంట లోతు వేళ్లతో చూసి చెప్పాలి. నోటితో చెప్పబోతే వినిపించుకోలేదు. రెండు దెబ్బలు కొట్టాను. ఆవిడ ఇంకొంచెం కొట్టింది. మళ్లీ రెండు. మళ్లీ కొట్టింది. ఒకటి. మొద్దు జరిపాం. నాకు ఆ దేశంలో ఎవరితోనైనా తడుముకోకుండా జరిగిన మొదటి సంభాషణ అది. మూడు గుంటలు అలా పడ్డాయి. నాలుగోదానికి రేకుని మళ్లీ వేడి చెయ్యాలన్నారు ఆల్ఫ్ అంకుల్. చేసి, నీళ్లలో ముంచి, సరిగ్గా అప్పుడే ఇంట్లో రేడియోలో పెద్ద పందెం మొదలవుతోందని, ఇదిగో వస్తున్నానని వెళ్లారు. మొద్దును ఆ కొసకి బిగించే మరమేకు ఆయన జేబులో ఉంది. ఒక పందెం తర్వాత ఇంకో పందెం. ఆయన తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. ఆంటీ సుత్తి ఎత్తింది. రెండో దెబ్బకి రేకు అంచు దాకా చీలిపోయింది. నేను మొద్దు మీద మూడుసార్లు కొట్టాను. నన్ను ఎవరూ అడగలేదు, చెయ్యి దానంతట అదే కొట్టింది.

ఆంటీ సుత్తి కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో నేను చూసిన అతి పెద్ద నవ్వు. "విన్నావా ఆల్ఫ్? ఇన్‌స్పెక్టరు మూడు కొట్టింది. ఇంతకీ నీ గుర్రం గెలిచిందా?" అంది. గెలవలేదన్నారు ఆయన, రేకు వైపు చూస్తూ. చీలిన ముక్క కోసేశారు. ప్లేటుకి ఒక అంచు వంకర అందుకే.

మినప్పప్పు సిటీలో సిలోన్ సరుకులు అమ్మే ఒక కొట్టులో దొరికింది. రుబ్బురోలు లేదు, నానబెట్టిన పప్పునీ బియ్యాన్నీ బల్లకి బిగించే మాంసం మర బాగా కడిగి, అందులో వేసి పదేపదే తిప్పాం. ఆ చలికి పిండి పులుస్తుందా అని నాకు బెంగ. సోమవారం కావడంతో ఆంటీ పిండి గిన్నెను చాకిరేవు గదిలో కాపర్ పక్కన పెట్టి, తువ్వాలు చుట్టింది. మర్నాడు పొద్దున పిండి గిన్నె అంచు దాటి నేల మీదికి వచ్చింది. గుంటల్లో పరచడానికి తడిబట్ట కావాలి. ఆ ఇంట్లో ఉన్నవన్నీ మందం తువ్వాళ్లు. నేను వెళ్లి ట్రంకు పెట్టె తెరిచి, అడుగున సర్దిన మా అమ్మ పాత నేతచీర తీయడం కోసం పైన ఉన్నవన్నీ మంచం మీద పడేశాను.

మొదటి వాయి ఆంటీ కంచంలో పెట్టాను. పక్కన పచ్చడి చేయడానికి మిరపకాయలు కూడా లేవు, వెన్నా మిరియాలపొడీ వేశాను. ఆల్ఫ్ అంకుల్ బెల్లప్పాకం సీసా మూత తీసి సిద్ధంగా ఉన్నారు. ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, బల్ల మీద రెండుసార్లు కొట్టింది. ఇంకొంచెం. నిజమే, మధ్యలో ఉడకలేదు. మళ్లీ ఆవిరి పెట్టాను. రెండో వాయికి ఒకటి కొట్టింది. ఆ రోజు నేను ఎన్ని తిన్నానో అడిగితే చెప్పను. వంటగదిలో పిండి పులుపు, సబ్బు, వెన్న, మూడు వాసనలూ కలిసిపోయి ఉన్నాయి. బట్టలు మంచం మీదే ఉండిపోయాయి. రాత్రి వాటిని తీసి అలమరాలో పెట్టాను, పెట్టెలో కాదు.

మర్నాడు తెల్లవారగానే గోడ మీద టక్‌మంది. నేను పక్కలోంచి చెయ్యి చాపి గోడ మీద ఒకటి కొట్టాను. అవతల కెటిల్‌లో నీళ్లు పోస్తున్న చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. ఓడ మాట ఆవిడ ఇంకెప్పుడూ అడగలేదు. నేను బెర్తుకి రాయలేదు. నాన్నగారికి మాత్రం రాశాను, షరతు రద్దు చేసుకోవచ్చని. ఆ ఇంట్లో ఉన్న మిగతా మూడేళ్లూ సోమవారం ఉతుకు, మంగళవారం ఇడ్లీ. నా పెళ్లప్పుడు ఆంటీ ఆ ప్లేటును దుప్పటిలో చుట్టి ఇచ్చింది, అదే దుప్పటి.

ఇంతా విని నిత్య ఫోన్‌లో వెతికి, సిడ్నీ పొలిమేరలో పాత విమానాలు దాచిన ఒక హ్యాంగర్‌లో బ్యూఫైటర్‌ని బాగుచేస్తున్నారని కనిపెట్టింది. లాంగ్ వీకెండ్ సోమవారం ముగ్గురం వెళ్లాం. ఇంజన్లు నిజంగానే ముక్కు కన్నా ముందుకున్నాయి. ముక్కు మీద ఉబ్బు కూడా ఉంది, అనవసరంగా. అక్కడ జీతం తీసుకోకుండా పనిచేసే తెల్లగడ్డం పెద్దాయన, గీత దాటి రావద్దని అందరికీ చెబుతున్నాడు. నేను సంచిలోంచి ప్లేటు తీసి, రెక్క అంచున రివెట్ల వరస మీద దీని చిల్లుల అంచు పెడతానని అడిగాను. ఆయన నవ్వి, ఒప్పుకున్నాడు. ఒక్కో చిల్లూ ఒక్కో రివెట్టు మీద కూర్చుంది. నేను ఆశ్చర్యపోలేదు, ఆంటీ పని అంతే. ఆయన నవ్వు ఆపి, ప్లేటు చేతిలోకి తీసుకుని, ఇలాంటి అసలు రేకు తమ దగ్గర చాలా తక్కువని, దీన్ని ఇక్కడ ఇచ్చేస్తే అద్దాల పెట్టెలో మీ పేరు రాసి పెడతామని బతిమాలాడు.

"ఇచ్చెయ్ మమ్మీ, ఇంట్లో ఎక్కడ పెడతాం? ఇక్కడైతే సేఫ్‌గా ఉంటుంది" అంది సునీత.

నేను నోరు తెరిచేలోపల నిత్య ఆయన చేతిలోంచి ప్లేటు తీసేసుకుంది. "సారీ, వి యూజ్ ఇట్. టుమారోస్ ట్యూస్‌డే."

పిండి ఇంట్లో లాండ్రీలో డ్రైయరు పక్కన ఉంది, పొద్దున్నే రుబ్బి పెట్టి వచ్చాం. ఇప్పుడు మనవాళ్ల కొట్లుండే గిరావీన్ వెళ్తే ఇడ్లీ పిండి డబ్బాల్లో దొరుకుతుంది, పన్నెండు గుంటల స్టీలు పాత్రలు దొరుకుతాయి, మిరపకాయల్లోనే అయిదు రకాలు దొరుకుతాయి. అప్పుడు ఒక్క మినప్పప్పు కోసం రెండు బస్సులు మారేదాన్ని. అప్పుడే బాగుందని అనను. ఆ బంగాళదుంపల్ని ఎవరు తిరిగి కోరుకుంటారు? కానీ ఇప్పుడు ఈ పెద్ద ఇంట్లో మంచి ఇటుక గోడలు, ఎవరి గదిలో వాళ్లు బాగున్నారో లేదో గోడ కొట్టి తెలుసుకోవడానికి వీల్లేదు. అందరం ఫోన్‌లో మెసేజ్ పెట్టుకుంటాం, పక్క గదిలోకి కూడా.

మంగళవారం పొద్దున పెరట్లో బార్బెక్యూ పక్కనుండే చిన్న పొయ్యి మీద ఆవిరి పెట్టాను, మూడేసి చొప్పున. మొదటి వాయి నిత్య కంచంలో వేసి ఎదురుగా నిలబడ్డాను. ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది, చాలాసేపు నమిలింది. కాస్త మొహమాటంగా నా వైపు చూసి, కంచం అంచు మీద రెండుసార్లు కొట్టింది.

నిజమే, మధ్యలో ఉడకలేదు. నేను మళ్లీ పొయ్యి వెలిగించాను.